నీలం కుట్టు

నేను ఒక దోమతెరను. నా దారాల్లో మందు ఉందా, లేదా? ఈ సందేహం ఏళ్ల తరబడి నన్ను వదల్లేదు.

మిల్లులో మమ్మల్నందరినీ ఒకే రంగులో నేశారు. కొన్నింటికి దోమల్ని చంపే మందు పట్టించారు, కొన్నింటికి లేదు. తేడా అంతా మూలనున్న కుట్టు రంగులోనే. ఏ రంగు దేనికో పంచేవాళ్లకు కూడా చెప్పలేదు. తెలిస్తే జ్వరాలు లెక్కపెట్టే కన్ను ఒకవైపు ఒరుగుతుందట. మనుషులు తమను తాము నమ్మకపోవడంలోనూ ఒక నిజాయితీ ఉంది. నాది నీలం కుట్టు.

కొండకింద పల్లెలో నిండు చూలాలు పైడితల్లికి నన్నిచ్చింది, ఇల్లిల్లూ తిరిగి తెరలు పంచే ఆరోగ్య కార్యకర్త ప్రసూనమ్మ. "ఇవి పరీక్ష తెరలు. కొన్నింట్లో మందుంటుంది, కొన్నింట్లో ఉండదు. ఊరికే ఉతక్కండి. పరీక్ష అయ్యాక మీది ఏదో నేనే వచ్చి చెప్తాను" అంది.

బిడ్డ పుట్టింది. పురుడు నాడు ఆ గది గుడ్డలన్నీ ఉడకేశారు. పైడితల్లి నన్ను పక్కన పెడితే అత్త సింగారమ్మ ఊరుకుందా? "ఇది మైల కాదేటే? దేవుడున్న ఇంట్లో ఎలా ఉంచుతావు?" అంటూ మరిగే సోడానీళ్లలో నన్నూ కోడలి చేతే ముంచించింది. ఈ ఆచారం సంగతి పరీక్ష పెట్టిన పెద్దలెవరూ అడగనేలేదు.

వానలు పడ్డాక బిడ్డకు మలేరియా వచ్చింది. నా కిందే ఊపిరి ఆగింది.

"మందంతా కడిగీసి బిడ్డని పొట్టన పెట్టుకుంది మా కోడలు" అని వచ్చినవాళ్లందరితో అంది సింగారమ్మ. ఉతకమన్నదెవరో ఆమెకు గుర్తు రాలేదు. పైడితల్లి గుర్తు చేయలేదు, తనూ ఆ మాట నమ్మేసింది. దేవుడికి దీపం పెడుతూ కూడా నా వైపే చూసేది. నా కుట్టు రంగు అర్థం ఆయనకైనా తెలుసు కదా, ఒక్క మాట చెప్పకూడదా అనుకునేదాన్ని.

పరీక్ష ముగిసింది. ఫలితాలు ఎక్కడో అచ్చయ్యాయి. పల్లెకు ఎవరూ రాలేదు. నేను చిరిగి, మిరపనారు మీద కప్పునయ్యాను.

మొన్న ప్రసూనమ్మ వచ్చింది, జుట్టంతా నెరిసి. కొత్త పరీక్ష పెడుతున్నారట. ఈసారి మందు లేని తెర ఎవరికీ ఇవ్వరట, పాత మందుకూ కొత్త మందుకూ పోటీ అట. వచ్చి చెప్తానన్న పాత మాట నిలబెట్టుకుని, ఉతుకుల సంగతి ఇల్లిల్లూ అడిగాకే తెరలు పంచుతానని ఆమె పట్టుబట్టిందట. నారు మీద వంగి నా మూల వెతికింది.

"నీలం. ఇది మందు లేనిదమ్మా. మొదటినుంచీ లేదు. నువ్వు ఉతికినందుకు పోయిందేమీ లేదు."

పైడితల్లి నా నీలం కుట్టు మీద వేలు పెట్టింది. "ఈ మాట కోసమే దీన్ని పారీలేదమ్మా" అంది. "మందుంటే బతికీదేమో కదా?" అంది.

ప్రసూనమ్మ తల దించుకుంది. "బతికేదేమో తల్లీ."

అరుగు మీద సింగారమ్మ అంతా వింది. కర్ర ఊతంగా దిగొచ్చి, నన్ను నారు మీంచి లాగి భుజాన వేసుకుంది.

"మట్టి కొట్టుకుపోయింది, నేనుతుకుతాను" అంది కోడలి ముఖం చూడకుండా. "నువ్వు కూకో, తల్లీ."