కాదిస్‌లో దేవదూత

మా ఆయన ప్రాణం కాపాడింది నేను. పేరు మాత్రం దేవదూతకు వచ్చింది. ఆ దేవదూత పేరు మీద ఏటా మా బోయిన్‌పల్లి ఇంట్లో కృతజ్ఞత కూడిక జరుగుతుంది. డాబా మీద షామియానా వేయిస్తారు, పాస్టరు ఏసురత్నంగారు వస్తారు, సంఘమంతా వస్తుంది, మా ఆయన జీవరాజు లేచి సాక్ష్యం చెబుతాడు. బిర్యానీ మాత్రం దేవదూత వండడు. అది నేనే వండాలి.

నేను స్కూల్లో సోషల్ పాఠాలు చెప్పి చెప్పి రిటైరైన ఏడాది, అంటే ఎనిమిదేళ్ళ కిందట, ఇద్దరం ఒక టూరు బృందంతో స్పెయిన్ వెళ్ళాం. ఆయన రైల్వే ఆఫీసులో హెడ్ క్లర్కుగా చేసి అప్పటికే ఇంట్లో కూర్చున్నాడు. టూరులో చివరి ఊరు కాదిస్. సముద్రంలోకి నాలుక చాపినట్టుండే పాత ఊరు, ఏ సందులో నడిచినా చివర నీళ్ళే కనబడతాయి. నేను పుట్టింది బందరులో. సికింద్రాబాదుకు కాపురానికి వచ్చినప్పటి నుంచి నాకు సముద్రం లేదు. టాంక్‌బండ్ చూసి సరిపెట్టుకోమన్నారు, సరిపెట్టుకున్నాను. కాదిస్‌లో బస్సు దిగగానే ఉప్పుగాలి మొహాన కొట్టేసరికి ఏడుపొచ్చింది.

రెండో రోజు మధ్యాహ్నం బీచ్ పక్క రాతిదారి మీద నడుస్తుండగా ఆయన ఉన్నట్టుండి కూలిపోయాడు. బృందం ముందు వెళ్ళిపోయింది, దగ్గర్లో ఎవరూ లేరు. ముక్కు దగ్గర వేలు పెడితే ఊపిరి లేదు. మా స్కూల్లో ప్రథమ చికిత్స శిక్షణకు పంపాల్సి వస్తే మిగతా టీచర్లు ఏదో ఒక సాకు చెప్పేవారు, అందుకని ప్రతిసారీ నన్నే పంపేవారు. అక్కడ రబ్బరు బొమ్మ ఛాతీ మీద రెండు చేతులూ పెట్టి నొక్కడం నేర్పారు. ఆ రోజు మొగుడి ఛాతీ మీద నొక్కాను. చీర మోకాళ్ళ దాకా పోయింది, చెప్పులు ఎటు పోయాయో తెలీదు, నోటికొచ్చిన భాషలో అరుస్తున్నాను, నొక్కడం మాత్రం ఆపలేదు. నా చేతుల కింద ఎముక పుటుక్కుమనడం వినిపించింది. అయినా ఆపలేదు.

ఎదురు సందులో చేపలు వేపే దుకాణం నడిపే పిలార్ అనే ఆవిడ నా కేకలు విని పరిగెత్తుకొచ్చింది. అంబులెన్సుకు ఫోన్ చేసి, నేను నొక్కుతున్నంతసేపూ తన తెల్ల ఏప్రన్ విప్పి మా ఇద్దరికీ ఎండ తగలకుండా పట్టుకుని నిలబడింది. అంబులెన్సు వాళ్ళు వచ్చి నన్ను పక్కకు జరపబోతే నా చేతులు బిగుసుకుపోయి రాలేదట. ఆ మాట పిలార్ తర్వాత సైగలతో చెప్పింది.

ఆయన ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ మధ్యాహ్నం పూట నన్ను లోపల ఉండనిచ్చేవారు కాదు. పిలార్ దుకాణానికి వెళ్ళి కూర్చునేదాన్ని. కాగితం పొట్లంలో వేడి వేడి నెత్తళ్ళు పెట్టేది, అచ్చం మా అమ్మ వేపినట్టే. వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించి చేతులతో నొక్కి చూపించేది. ఆ సందులో ముసలివాళ్ళు నన్ను చూసి టోపీ తీసేవారు. టీచర్నని తెలిసి ‘మాయెస్త్రా’ అని పిలిచేవారు. సికింద్రాబాదులో నేను జీవరాజుగారి భార్యను. ఆ ఊళ్ళో ఆయన నా భర్త. కాదిస్ నాకెందుకంత ఇష్టమని ఎవరైనా అడిగితే సముద్రం అని చెబుతాను, అది సగమే నిజం.

ఇంటికి వచ్చిన మొదటి ఆదివారం ఆయన గుడిలో లేచి నిలబడ్డాడు. నా పేరు చెబుతాడనుకుని నేను కొంగు సర్దుకున్నాను, సిగ్గు కూడా పడ్డాను. తెల్లని బట్టల్లో దేవదూత దిగి వచ్చి తన గుండె మీద చెయ్యి వేశాడని ఆయన చెప్పాడు. రెక్కల చప్పుడు కూడా విన్నాడట. ‘మరి మేబెలక్కో?’ అని ఎవరో అడిగితే, పాపం అది హోటల్లో ఏడుస్తూ ప్రార్థన చేసుకుంటోందన్నాడు. జనం స్తోత్రం స్తోత్రం అన్నారు. నా పక్కన కూర్చున్న సంఘం చెల్లెలు ప్రిసిల్లా కళ్ళు తుడుచుకుంది.

సాక్ష్యాన్ని మధ్యలో ఆపడం మా దగ్గర లేదు. తర్వాత దిద్దడమూ లేదు. అలా చేస్తే మొగుణ్ణి కాదన్నట్టు కాదు, దేవుడి మహిమకు అడ్డుపడ్డట్టు. పైగా స్పృహలో లేని మనిషికి ఏం తెలుస్తుందిలే, నెమ్మదిగా చెబుదాం అనుకున్నాను. ఇంట్లో చెబితే ‘ఊఁ’ అన్నాడు. తర్వాతి ఆదివారం మళ్ళీ రెక్కలే. ఆ సాక్ష్యం కాప్రా వెళ్ళింది, బన్సీలాల్‌పేట్ వెళ్ళింది, ఎక్కడ కూడిక జరిగినా ఆయన్ను పిలిచేవారు. విరిగి అతుక్కున్న ఎముక చోట వేలు పెట్టి, దేవదూత ముట్టిన చోట ఇప్పటికీ చలికాలం నొప్పెడుతుందని చెప్పేవాడు. ఒకసారి పట్టలేక ప్రిసిల్లాతో అసలు సంగతి చెప్పేశాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, నీ చేతుల్ని ఆ దేవదూతే నడిపించి ఉంటాడు అక్కా అంది. దాంతో నా చేతులు కూడా నావి కాకుండా పోయాయి.

అప్పటి నుంచి నాకు ఒకటే పట్టుదల. ఈయన నోటితో ఒక్కసారి, నలుగురి ముందు, నన్ను కాపాడింది నా భార్యే అనాలి. అంతకన్నా ఇంకేమీ అక్కర్లేదు. ఫోన్‌లో పెట్టుకుని పిలార్ మాట్లాడే స్పానిష్ భాష నేర్చుకోవడం మొదలుపెట్టాను. పోపు వేస్తూ వేస్తూ పాఠాలు అప్పజెప్పుకునేదాన్ని. ఈ వయసులో ఇదేం పిచ్చని ఆయన నవ్వేవాడు.

మళ్ళీ కాదిస్ వెళ్దామంటే మొదట ససేమిరా అన్నాడు. గుండె జబ్బు మనిషికి అంత దూరం ఏమిటన్నాడు. దేవదూత దిగిన చోట మోకరించి ప్రార్థన చేసుకోవద్దా అని నేను ఏసురత్నంగారి ఎదుట అడిగాను. ఇక కాదనడానికి నోరెలా వస్తుంది? పాస్టరుగారే మమ్మల్ని ప్రార్థన చేసి పంపించారు.

ఈసారి బృందం లేదు, గైడు లేడు, టిక్కెట్లు నేనే కొన్నాను. సెవిల్ నుంచి రైల్లో వెళ్ళాం. ఉప్పుమడులు కనిపించగానే నేను లేచి తలుపు దగ్గర నిలబడ్డాను, ఆయన సంచులు పట్టుకుని నా వెనక నిలబడ్డాడు. ఊరు కొంచెం మారింది. ఓడల్లో వచ్చి పడే జనం ఎక్కువయ్యారు, నాకు తెలిసిన బట్టల కొట్టు పోయి ఐస్‌క్రీం కొట్టు వచ్చింది, టోపీ తీసే ముసలివాళ్ళు ఒక్కరూ కనబడలేదు. సందులు మాత్రం అవే, వాటి చివర నీళ్ళూ అవే. దారి ఎవర్నీ అడక్కుండా ఆయన్ను నడిపించుకుపోయాను. అంత గర్వంగా నేను సికింద్రాబాదులో ఏ రోజూ నడవలేదు.

పిలార్ ఉంది. జుట్టంతా నెరిసింది, దుకాణంలో బల్లలు పెరిగాయి. నన్ను చూసిన క్షణం చేతిలో గరిటె అక్కడే పడేసి వచ్చి కావిలించుకుంది. ఆ రోజు ఏం జరిగిందో మా ఆయనకు చెప్పమని అడిగాను. నా మాటల్లో తప్పులున్నా ఆవిడకు అర్థమైంది. పిండి బస్తా ఒకటి నేల మీద పడేసి, దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ వేసి ‘ఉనో, దోస్, త్రేస్’ అని లెక్కపెడుతూ నొక్కింది. ప్రతి నొక్కుకూ తలెత్తి నన్ను చూపించింది. తర్వాత లేచి ఏప్రన్ విప్పి ఎండకు అడ్డం పట్టి, ఇది మాత్రమే నేను చేశాను అన్నట్టు తన రొమ్ము మీద చరుచుకుంది. దుకాణంలో తింటున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆయన నిలబడిపోయి చూశాడు. కళ్ళు నిండాయి, పిలార్ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

నాతో ఏమీ అనలేదు. మాట పెగలడం లేదేమోలే అనుకున్నాను. ఆ సాయంత్రం బీచ్ గోడ మీద పక్కపక్కన కూర్చుని నెత్తళ్ళు తిన్నాం. ఊరు మంచిగుందని ఆయన అన్నాడు. నా జీవితంలో నేను బాగా సంతోషంగా ఉన్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టమంటే అందులో అదొకటి.

తిరిగొచ్చాక ఈ ఏటి కూడిక ఆదివారం సాయంత్రం పెట్టారు. కూరలన్నీ మార్కెట్‌కు వెళ్ళి నేనే ఏరి తెచ్చాను, ఈసారి వంట కూడా ఒళ్ళు దాచుకోకుండా చేశాను. పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాను. రెండు పాటలయ్యాయి, పాస్టరుగారు పిలిచారు, ఆయన లేచి మైకు పట్టుకున్నాడు.

“అప్పుడు నాకు సోయి లేకుండె. తెల్ల బట్టలే కనవడ్డయి. ఈసారి దేవుడు నా మీద దయ తలచి, ఆ దేవదూతను నా కండ్లతోని చూపిచ్చిండు. తెల్ల ఏప్రన్ కట్టుకోని, గదే సందుల చాపలు ఏంపుతున్నది.”

డాబా దద్దరిల్లేలా స్తోత్రాలు. ఎంత తగ్గింపు మనసు చూశారా, పరలోకపు దూత చేపలు వేపుతోంది అని ఏసురత్నంగారు వివరించారు. ప్రిసిల్లా నా వీపు నిమిరింది. రెక్కలతో నేనెలాగో వేగాను. ఇప్పుడు పిలార్‌ను కూడా నా మీదికి తెచ్చాడు. అంతదూరం పోయి, పిండి బస్తా మీద నొక్కించి, నా చేతులతో నేనే ఆయనకు కొత్త దేవదూతను అప్పగించి వచ్చాను. లేచి మెట్లు దిగి వంటింట్లోకి వెళ్ళాను.

కాసేపటికి ఆయన మంచినీళ్ళ కోసం కిందికి వచ్చాడు. గ్లాసు ఇవ్వకుండా అడిగాను.

“పిలార్ ఎవరిని చూపించిందండీ?”

ఆయన బిర్యానీ గిన్నె వైపు చూశాడు. “నిన్నే.”

“మరి?”

“నాకు మొదటి నుంచి ఎరికే మేబెల్. గా ఆస్పత్రిలనే డాక్టర్ ఇంగ్లీషుల చెప్పిండు. మీ ఆవిడ చేతులు లేకుంటే నువ్వు లేవని.”

ఆ మాట నేను ఊహించలేదు. తెలియక అంటున్నాడనే ఇన్నేళ్ళూ మోశాను. ఎందుకండీ మరి అని మాత్రం అడగగలిగాను. ఆయన కోపంగా ఏమీ లేడు. స్టవ్ దగ్గరికి వచ్చి, పక్కింటివాళ్ళకు వినబడకూడదన్నట్టు మెల్లగా చెప్పాడు.

“దేవదూత అనుకో, ఏడాదికి ఒక్కసారి స్తోత్రం చెప్తే అయిపోతది. నువ్వంటే రోజు చెప్పాలె. పొద్దుగాల లేస్తే నీ మొఖమే కదా. ఒక్కింట్ల ఉండి గట్ల ఎట్ల బత్కుతరు చెప్పు? జెర సమజ్ చేస్కో.”

నీళ్ళు తనే పట్టుకుని తాగి, గ్లాసు సింకులో పెట్టి పైకి వెళ్ళిపోయాడు. ఒక మొహమాటం దిగిపోయిన మనిషిలా తేలిగ్గా వెళ్ళాడు.

పైనుంచి ఏసురత్నంగారి గొంతు మైకులో వినిపించింది. ముగింపు ప్రార్థన మేబెలమ్మగారు చేస్తారు, అందరూ తలలు వంచండి అంటున్నారు. చేతులు కడుక్కుని వెళ్ళాను. ఆకలి మీదున్నారేమో, అందరూ అప్పటికే కళ్ళు మూసుకున్నారు. ముందు కుర్చీలో ఆయన కూడా తల వంచాడు. నేను కళ్ళు మూసుకోలేదు.

“ప్రేమగల మా పరలోకపు తండ్రీ, నీకు వందనాలు. నీ దాసుడు జీవరాజుకు ప్రాణం ఇచ్చావు, అందుకు స్తోత్రాలు.”

“స్తోత్రం,” అన్నారు అందరూ.

“ఆ రోజు రాతి మీద ఆయన పడిపోయినప్పుడు నువ్వు ఎవరినీ పంపలేదు తండ్రీ. నన్నే ఉంచావు. నా చేతులతోనే నొక్కించావు. ఆ ఎముక విరిచింది కూడా నేనే.”

“స్తోత్రం,” అంది ప్రిసిల్లా, తన్మయంగా ఊగుతూ.

“ఆ సంగతి నీకు తెలుసు, నాకు తెలుసు, నీ దాసుడికీ మొదటి నుంచీ తెలుసునని ఇప్పుడే వంటింట్లో చెప్పాడు. నాకు రుణపడి బతకడం ఆయనకు కష్టంగా ఉంది. ఆ కష్టం ఆయనకు మళ్ళీ రాకూడదు తండ్రీ. ఇంకొకసారి ఆయన పడిపోతే నీ దూతనే పంపించు. నీ దాసురాలు చెయ్యి వెయ్యదు. యేసు నామమున వేడుకుంటున్నాము మా పరమ తండ్రీ.”

“ఆమెన్,” అన్నారు అందరూ. సంఘ పెద్ద కాబట్టి అందరికంటే గట్టిగా ఆయనే అన్నాడు. ఆ తర్వాతే నేనేమన్నానో ఆయనకు తెలిసినట్టుంది, కళ్ళు తెరిచి నా వైపు చూశాడు. అప్పటికి జనం కుర్చీలు జరుపుకుని భోజనాలకు లేస్తున్నారు.