మూడో లైనులో అమ్మాయి

బుధవారం మధ్యాహ్నం మూడున్నర దాటిందంటే ఆ ఊళ్ళో ఎవరి ఏర్పాట్లలో వాళ్ళుంటారు. దర్జీ వారానికి సరిపడా సూదులన్నీ ఒక దిండుకి గుచ్చి, దారపు ఉండలు పక్కన పెట్టుకుని కూర్చుంటాడు. రిటైరైన పోస్టుమాన్ నిచ్చెన తెచ్చి గోడకి చేరేస్తాడు, డాబా మీది గొట్టంలో ఇరుక్కున్న ఆకులు తియ్యడానికి. పళ్ళ డాక్టరు మాత్రం ఆ కాసేపూ ఎవరికీ టైమివ్వడు. అప్పుడాయన వయసు పదకొండేళ్ళు. పదకొండేళ్ళవాడి చేతికి పన్ను అప్పగించే ధైర్యం ఎవరికుంటుంది? నాలుగు కొట్టేసరికి పన్నెండో నంబరు బస్సు ఎక్కడుంటే అక్కడే పక్కకి ఆగిపోతుంది, డ్రైవరు కాలు బ్రేకుకి అందదు గనక.

నాలుగింటికి రేడియోలో ఆ పాట వేస్తారు. ఎనభైల్లో వచ్చిన పాట. మొదట ఎనిమిది డ్రమ్ము దెబ్బలు, తర్వాత గిటారు, ఆ తర్వాత జలుబు చేసినట్టు పాడే ఒక కుర్రాడి గొంతు, తను ఎక్కలేకపోయిన రైలు గురించి. అది వినిపించినంతసేపూ, అంటే నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు, దాన్ని మొట్టమొదటిసారి విన్ననాటి ఒళ్ళు విన్నవాళ్ళకి తిరిగొస్తుంది. బుద్ధీ జ్ఞాపకాలూ ఇప్పటివే. నడుమూ మోకాళ్ళూ చూపూ అప్పటివి. ఇంట్లో క్యాసెట్టు పెట్టుకుంటే రాదు, ఫోనులోంచి వింటే రాదు, బుధవారం నాలుగింటికి రేడియోలో వినాల్సిందే. పాట అయిపోగానే ఎవరి నెరిసిన జుట్టు వాళ్ళకి వచ్చేస్తుంది. దర్జీ అప్పటికి ముప్పై సూదులకి దారం ఎక్కించి ఉంటాడు.

రేడియో స్టేషన్లో మటుకు ఆ వేళ ఎవరో ఒకరు ఇప్పటి వయసులోనే ఉండాలి. లేకపోతే ఫోన్లెవరు చూస్తారు? అందుకని లోపల ఒక గాజుగది కట్టారు. చెవి పక్కన డప్పు కొట్టినా అందులోకి వినపడదు. ఆ కార్యక్రమం మొదలైన నాటినుంచీ, పదిహేనేళ్ళుగా, ఆ గదిలో కూర్చుంటున్నావిణ్ణి ఊరంతా ఫోనమ్మ అంటారు. నలభైకి రెండు మూడేళ్ళు తక్కువ. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకు చేసుకోలేదంటే తీరిక లేక అంటుంది. గోడ మీద ఎర్రదీపం వెలిగితే పాట మొదలైందని, ఆరితే అయిపోయిందని ఆమెకి గుర్తు. ఆ నడుమ ఫోను చేసినవాళ్ళతో "ఆగండి, పాట అవగానే మాట్లాడిస్తాను" అని మీట నొక్కుతుంది. దీపం ఆరాక ఒక్కొక్కరినీ బొంగురు బాబాయ్‌కి కలుపుతుంది. ఆ కార్యక్రమం నడిపే ఆయన అసలు గొంతు అదే, జలుబు కాదు.

అంతకుముందు కార్డు మీద మూడు ముక్కలు రాసుకుంటుంది: ఏ ఏడు విన్నారు, ఎక్కడ విన్నారు, ఇష్టమా.

ఎన్నెన్ని కార్డులో! ఒకావిడ సైకిలు నేర్చుకుంటూ పడిపోయిన సందులో, ఎవరి కిటికీలోంచో విన్నదట. ఒకాయన ఉద్యోగం పోయిన రోజు టీ కొట్టు దగ్గర. అసలు పాటంటే ఆ మొదటి ఎనిమిది దెబ్బలే, తక్కినదంతా ఊక అని ఒకడు. ఆ గిటారు లేకపోతే నేను ఏనాడో గోదాట్లో కలిసేవాణ్ణి అని ఇంకొకడు. చివర్లో ఆ కుర్రాడు రైలెక్కాడా లేదా అని ఇద్దరు అన్నదమ్ములు పదిహేనేళ్ళుగా పోట్లాడుకుంటూనే ఉన్నారు. ఎవరేమన్నా, చివరి గడిలో మాత్రం అందరిదీ ఒకే మాట: ఇష్టం. వేలకొద్దీ కార్డుల్లో ఒక్కటి కూడా "లేదు" అని లేదు. దాంతో స్టేషన్లో అందరికీ ఒక నమ్మకం కుదిరిపోయింది. పాట నచ్చినవాళ్ళకే ఆ వయసొస్తుంది, నచ్చనివాళ్ళకి రాదు.

అందుకే ఫోనమ్మకి వాళ్ళమ్మ సంగతి ఎన్నడూ తట్టలేదు.

అమ్మకి ఆ పాటంటే ఒళ్ళుమంట. "డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుంటుంది" అనేది. కూతురు రేడియో స్టేషన్లో చేరిన నెలకే ఇంట్లో రేడియో తీసి అమ్మేసింది. బుధవారం నాలుగయ్యేసరికి కిటికీలన్నీ మూసి గడియపెట్టుకునేది. ఒకప్పుడు లాండ్రీలో రోజంతా నిలబడి ఇస్త్రీ చేసిన మనిషి, ఆ పెట్టె సెగకి గొంతు ఎండి గరుకెక్కిపోయింది. ఆ గరుకు గొంతుతోనే పొద్దున లేచింది మొదలు వాగుతూ ఉండేది. ఆవిడ నోట్లో నోరు పెట్టి నెగ్గినవాళ్ళు లేరు. అలాంటి మనిషికి రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. మాట ఒక్కటీ మిగల్లేదు. చదువు సంతకం వరకే, రాసి చూపిద్దామన్నా లేదు. చూపుతో అడుగుతుంది, ఆయా ఒకటి తెస్తుంది, తల తిప్పేస్తుంది. మూడింటికి ఆయా వెళ్ళిపోతే, ఐదున్నరకి కూతురు వచ్చేదాకా కుర్చీలో ఒక్కతే.

ఈమధ్య పెద్ద డాక్టరొకాయన చూశాడు. "తలకి ఆపరేషను చేస్తే మాట రావచ్చమ్మా. బల్ల మీదే పోనూవచ్చు. సగం సగం. ఆలోచించుకుని సంతకం పెట్టండి" అని కాగితం ఇచ్చి, నెల గడువిచ్చాడు. పొరుగూళ్ళో ఉండే అన్నయ్య రోజూ ఫోను చేసి, "పెట్టెయ్యవే, ఇంకా ఆలోచనేంటి? ఆవిడ అలా ఉండటం బతుకా?" అంటాడు. ఫోనమ్మ ఆ కాగితం సంచిలో పెట్టుకుని తిరిగేది. సంతకం పెడితే అమ్మని తనే చంపినట్టవుతుందేమో, పెట్టకపోతే అమ్మ మాటని తనే నొక్కేసినట్టవుతుందేమో. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎవరి ప్రాణమో వాళ్ళని అడగాలి కదా. ఎలా అడగడం? రాత్రి అన్నం తినిపిస్తూ అడిగితే అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకునేది. అది అవునో కాదో తెలిసేది కాదు.

సరిగ్గా ఆ నెలలోనే మూడో లైను గొడవ మొదలైంది.

పాట మొదలైన అర నిమిషానికి మూడో లైను వెలిగేది. ఎవరో పడుచుపిల్ల, పరుగెత్తుకొచ్చినట్టు రొప్పుతూ, "ఆగు, పెట్టెయ్యకు, నేను..." అనేది. ఫోనమ్మ అందరికీ చెప్పినట్టే "పాట అవగానే మాట్లాడిస్తాను" అని మీట నొక్కేది. తీరా దీపం ఆరాక కలిపితే, అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. ఊపిరి శబ్దం ఒక్కటే. బొంగురు బాబాయ్ "హలో, హలో, చెప్పమ్మా" అని గోడకి చెప్పుకున్నట్టు చెప్పుకుని, చివరికి ఏదో జోకేసి తప్పించుకునేవాడు. ఒక వారం కాదు, రెండు కాదు, మూడు వారాలు.

"ఆ పిల్లెవరో నన్ను నవ్వులపాలు చేస్తోందమ్మా" అన్నాడాయన నాలుగో బుధవారం, టీ తాగుతూ. "ఈసారి గట్టిగా నాలుగు దులిపెయ్."

ఆ మర్నాడే డాక్టరు పెట్టిన గడువు. ఫోనమ్మ అసలే చిరాకు మీదుంది. ఎర్రదీపం వెలిగింది. గాజు అవతల బొంగురు బాబాయ్ ముఖం మీద ముడతలన్నీ పోయి, మీసం కట్టు కుదరని కుర్రాడైపోయి, తాపీగా ఉత్తరాలు సర్దుకుంటున్నాడు. మూడో లైను వెలిగింది. ఈసారి ఆమె మీట నొక్కలేదు.

"చూడమ్మాయ్, మాట్లాడేది లేనప్పుడు ఫోను చెయ్యడమెందుకు? ఇదేమన్నా ఆటనుకున్నావా?"

"మాట్లాడనిస్తేగా నువ్వు!" అంది అటునుంచి ఆ పడుచు గొంతు. "నోరు తెరిచేలోగా ఆగండి ఆగండి అని నొక్కేస్తావు. పాట అయ్యాక నాకు మాటెక్కడేడుస్తుందే? అమ్మాయట అమ్మాయి! నేనే మీ అమ్మని."

ఫోనమ్మకి ఆ గొంతు తెలీదు. పెట్టె సెగ తగలకముందు అమ్మ గొంతు ఎలా ఉండేదో ఆమె ఎన్నడూ వినలేదు. కానీ ఆ తిట్టే తీరు, ఊపిరి తీసుకోకుండా మాట మీద మాట పడేసే తీరు ఈ లోకంలో ఇంకొకరికి లేదు.

"కాదండీ" అంది, అలవాటుగా అండీ అనేసి. "మా అమ్మకి ఈ పాట నచ్చదు. నచ్చనివాళ్ళకి రాదు. మా దగ్గర పదిహేనేళ్ళ కార్డులున్నాయి."

"నచ్చనివాళ్ళు మీకు ఫోనెందుకు చేస్తారే, పిచ్చిమొహమా?"

ఫోనమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. నిజమే. అల్మరాల నిండా కార్డులు, ఒక్కరికైనా తట్టని సంగతి. గడియారంలో ఒక నిమిషం అప్పుడే అయిపోయింది.

"అమ్మా... నువ్వేనా? నడిచావా? హాల్లో ఉన్న ఫోను దాకా నడిచావా?"

"నడవకేం? గుర్రంలా ఉన్నాను. పక్కవాటావాళ్ళు కొత్త రేడియో కొని గోడకి ఆనించి పెట్టారు, దాని పుణ్యం. నాకు నోటికొచ్చిన నంబరు మీ స్టేషనుదొక్కటే. కాకపోతే ఈ పొట్టతోనే, పట్టుకుని నడవాల్సొస్తోంది."

"పొట్టేమిటమ్మా?"

"ఏడో నెల. లాండ్రీలో మా మేస్త్రీ కొత్త టేప్‌రికార్డరు తెచ్చి పొద్దస్తమానం ఆ పాటే వేసేవాడు. కాళ్ళు వాచిపోయి నేను ఇస్త్రీ చెయ్యాలా, కడుపు మొయ్యాలా, ఆ రొద భరించాలా? ఇన్నేళ్ళూ కిటికీలెందుకు మూసుకున్నాననుకున్నావు? ప్రతి బుధవారం నాలుగింటికి ఏడో నెల కడుపు ఎవత్తి మోస్తుంది?"

"ఎవరమ్మా కడుపులో?" అంది ఫోనమ్మ. అడిగాక, ఎంత తెలివితక్కువగా అడిగిందో ఆమెకే తెలిసింది.

"ఎవరేంటే, నువ్వే."

ఫోనమ్మ తన చేతులవైపు చూసుకుంది. చేతులు ఇక్కడే ఉన్నాయి, ఉంగరం ఉంది, సిరా మరక ఉంది. వీధులవతల ఒక హాల్లో ఇవే చేతులు చీకట్లో పిడికిళ్ళు బిగించుకుని ఉన్నాయి. ఆమెకి భయం వెయ్యలేదు. గుళ్ళో నిలబడ్డట్టు అనిపించింది, అంతే.

"వచ్చేవారం సెలవు పెట్టి ఇంట్లో ఉంటానమ్మా, నిన్ను చూస్తాను."

"చస్తే రావద్దు!" అని అరిచింది అమ్మ. "నువ్వు ఆ పాట మొదటిసారి విన్నది ఇక్కడే, లోపల. రేడియోలో గనక వింటే నువ్వేమైపోతావో నాకు తెలీదు. ఆ గాజుగదే నిన్ను కాచింది. అందులోనే ఉండు. టైమెంతుంది?"

"నిమిషన్నర."

"అయితే విను. సంతకం పెట్టకు."

"అమ్మా, మాటొస్తుందేమోనని..."

"వస్తే వస్తుంది, పోతే మనిషే పోతుంది. డాక్టరుకి నా తలలో గడ్డ కనపడింది గానీ నా బుధవారం కనపడలేదుగా. ఆ బల్ల మీద పోతే ఇదీ పోతుంది. నాకు వారానికి నాలుగు నిమిషాలు చాలు. లొడలొడా వాగీ వాగీ అలిసిపోయానే, ఇంక ఏరి మాట్లాడతాను. నువ్వు ఫోనెత్తు, అది చాలు."

ఫోనమ్మ ఏడుస్తోంది. ఏడుస్తూనే అంది, "అన్నయ్య నమ్మడమ్మా."

"చిన్నప్పుడు నా ఇస్త్రీపెట్టె పిడి విరగ్గొట్టి నీ మీద పెట్టింది వాడేనని నాకు ఆనాడే తెలుసని చెప్పు. నమ్మకేం చేస్తాడు? ఇంకో సంగతి, ఆ ఆయా జావలో..."

దీపం ఆరిపోయింది. మాట సగంలో తెగింది. లైను మాత్రం తెగలేదు. అటునుంచి ఊపిరి వినిపిస్తోంది, ముసలి ఊపిరి, కాస్త ఎగశ్వాసతో. మూడు వారాలుగా ఎవరిదో అనుకుని విసుక్కున్న ఊపిరి. గాజు అవతల బొంగురు బాబాయ్, ముడతలు తిరిగొచ్చిన ముఖంతో, లైను కలపమని చేతులూపుతున్నాడు. ఫోనమ్మ తల అడ్డంగా ఊపి, ఆ ఊపిరి వింటూ ఉండిపోయింది. ఆయన ఏమనుకున్నాడో ఏమో, ఇంకో పాట వేసేశాడు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అమ్మ హాల్లో ఫోను పక్కన బల్ల మీదికి ఒరిగి కూర్చుని ఉంది. కిందటి మూడు బుధవారాలూ ఇలాగే కనిపిస్తే, ఆయా అక్కడ కూర్చోబెట్టి వెళ్ళిందనుకుంది. ఫోనమ్మ నేల మీద కూర్చుని, అమ్మ ఒళ్ళో తలపెట్టుకుంది. జావలో ఏం తక్కువైందో ఒక్కొక్కటే అడిగింది. జీలకర్ర దగ్గర అమ్మ కళ్ళు మెరిశాయి.

గురువారం డాక్టరుకి కాగితం ఖాళీగా తిరిగిచ్చేసింది. అన్నయ్య మొదట ఎగిరాడు. ఇస్త్రీపెట్టె మాట చెప్పగానే ఫోనులో ముక్కు చీదిన చప్పుడు. శుక్రవారం ఫోనమ్మ కొత్త కార్డు తీసి, ఏడు రాసింది, చోటు రాసింది, చివరి గడిలో ఇష్టమా అన్నదానికి ఎదురుగా "లేదు" అని రాసి అల్మరాలో అన్నిటికంటే ముందు పెట్టింది.

మళ్ళీ బుధవారం వచ్చింది. దీపం వెలిగిన అర నిమిషానికి మూడో లైను వెలిగింది. ఫోనమ్మ మొదటి గంట మోగగానే ఎత్తింది. అమ్మ ఆయాని రెండు తిట్టింది, అన్నయ్యని ఒకటి తిట్టింది, కూతురు చిక్కిపోయిందని ఒకటి అంది. ఆపైన, "మాటలు చాల్లే. ఇంకా రెండు నిమిషాలుంది. ఇది విను" అంది.

బట్ట జరిగిన చప్పుడు. ఫోను దేనికో మెత్తగా ఆనిన చప్పుడు.

మొదట ఏమీ వినపడలేదు. తర్వాత ఎక్కడో లోతునుంచి, తడిగా, వడివడిగా, పిట్ట గుండె కొట్టుకున్నట్టు ఒక దడ. ఫోనమ్మ చెయ్యి తనకి తెలియకుండానే తన గుండెమీదికి వెళ్ళింది. అక్కడిది నిదానంగా కొట్టుకుంటోంది. మిగతా లైన్లన్నీ వెలిగి వెలిగి ఆరిపోతున్నాయి. ఆమె ఎవరినీ ఏడు అడగలేదు, చోటు అడగలేదు. పదిహేనేళ్ళలో మొదటిసారి ఊరికే వింటూ కూర్చుంది, ఇంకా పుట్టని తన గుండె చప్పుడు.