బొట్టు లేని అక్కయమ్మ

చీనా యుద్ధం ముగిసిన రెండేళ్ళకు నా కళ్ళు రెండింటికీ పొర కమ్మింది. రాట్నం ముందు కూర్చుంటే తెగిన పోగు కనిపించేది కాదు. వేలితో తడిమి ముడి వేసేదాన్ని. ముడి లావైతే బట్టలో తేలుతుంది. కబ్బన్‌పేటలో నాకు నూలిచ్చే ఇళ్ళు ఒకటొకటే మానుకుని, చివరికి ఒక్క ఇల్లు మిగిలింది. నేతగాళ్ళకు నూలు కండెలు చుట్టడం తప్ప నాకు వేరే జీవనం లేదు.

ధర్మాసుపత్రికి పోతే మొదట పొర ముదరలేదన్నారు. ముదిరినాక పోతే మంచాలు లేవన్నారు. బయట కళ్ళ డాక్టరు అడిగినంత దుడ్డు నేను ఎన్నడూ ఒకచోట చూసి ఎరగను. నా పెద్దకొడుకు దొడ్డబళ్ళాపురంలో మామగారి మగ్గం నేస్తాడు. వాడి సంపాదన వాడి పిల్లలకే చాలదు.

రెండోవాడు చంద్రశేఖర్. వాణ్ణి మూడేళ్ళప్పుడు మా ఆయన అన్న పాపయ్య బావకూ, ఆయన భార్య అక్కయమ్మకూ దత్తు ఇచ్చినాము. వాళ్ళకు పిల్లలు లేరు. చేతిలో నీళ్ళు వదిలిన రోజు నుంచి వాడు అక్కయమ్మను అమ్మా అనీ, నన్ను చిన్నమ్మా అనీ పిలిచినాడు. ఇచ్చిన బిడ్డను మళ్ళీ నా కొడుకు అనకూడదని మా ఇళ్ళలో కట్టు. నేను అనలేదు. ఒకే వాకిలి, రెండు పొయ్యిలు. మా ఆయన పోయినాక కూడా అట్లాగే జరిగింది.

చంద్రశేఖర్ పని చేసే మిల్లుకు ఇన్సూరెన్సు వచ్చింది. ఒక ఆదివారం వాకిట్లో కూర్చుని వాడు ఆ సంగతి చెప్పినాడు.

"నెలనెలా అందరి జీతంలోనూ కొంచెం పట్టుకుంటారమ్మా. ఎవరికి జబ్బు చేసినా డాక్టరు, మందు, ఆపరేషను అన్నీ అందులోంచే. పనివాని పెండ్లాం బిడ్డలకు, తల్లిదండ్రులకు కూడా."

"నాకు బుద్ధెరిగినాక జ్వరమే రాలేదు," అంది అక్కయమ్మ. "అట్లయితే మన దుడ్డు ఎవుని దగ్గుకు పోతా ఉండాదిరా?"

"ఎవనికి దగ్గు వస్తే వానికి."

"బాగుండాదప్పా! దగ్గేది వాడు, కట్టేది మనమా?"

"రేపు నువ్వు దగ్గితే వాడు కడతాడు గదమ్మా."

అక్కయమ్మ నా వైపు చెయ్యి చూపింది. "నేను దగ్గేది లేదు. మన సొన్నమ్మను పంపు. నా పేరు చెప్పుకుని పోతుంది."

"తప్పమ్మా. తెలిస్తే నా పని పోతుంది."

"ఏమిరా తప్పు? తల్లికి ఉండాదని నువ్వే చెప్తివి. నిన్ను కన్నది అది గదా!"

ఆ మాట ఆ ఇంట్లో పైకి రావడం అదే మొదలు. వాడు తల వంచుకున్నాడు.

"ఇన్సూరెన్సు కార్డులో తల్లివి నువ్వు," అన్నాడు.

"అందుకే నా పేరు చెప్పమంటా ఉండాను. పేరు నాది, కడుపు దానిది. రెండూ కలిస్తే ఒక తల్లి కాదా?"

నాకు కళ్ళు కావాలి. వద్దని చెప్పలేకపోయినాను. అక్కయమ్మ వయసు, పుట్టిన ఊరు, ఆమె నాయన పేరు అన్నీ నేర్చుకున్నాను.

డిస్పెన్సరీకి ఆమె కూడా వచ్చింది. "నాకు ఎట్లా వైద్యం చేస్తారో చూడాల గదా!" అని వాకిలి పక్కన బెంచీ మీద కూర్చుంది. నన్నూ చంద్రశేఖర్‌నూ లోపలికి పిలిచినారు. డాక్టరు చిన్నవాడు, కన్నడంలో మాట్లాడినాడు. కార్డు చూసి, అక్కయమ్మవేనా అన్నాడు. అవునన్నాను. దీపం పెట్టి కళ్ళు చూసినాడు. పొర బాగా ముదిరింది, ఆపరేషనుకు చీటీ రాస్తానని కలం తీసినాడు.

రాస్తూ రాస్తూ తలెత్తి నన్ను చూసినాడు. మళ్ళీ కార్డు చూసినాడు.

"మీ తండ్రి పేరు కూడా ఇందులో ఉండాదే. ఆయన ఎప్పుడు పోయినాడు?" అని చంద్రశేఖర్‌ను అడిగినాడు.

వాడికి అర్థం కాలేదు. నా చెయ్యి దానంతట అదే నుదుటి మీదికి పోయింది. ఊరూ వయసూ అన్నీ నేర్చుకున్నాము, బోసి నుదురు సంగతి మా ముగ్గురిలో ఎవరికీ తోచలేదు. ఏళ్ళ తరబడి చూసి చూసి వాళ్ళకు అది కనిపించడం మానేసింది.

పోయినాడంటే చాలు. ఆయన పేరు కొట్టేసి చీటీ చేతికిస్తాడు. చంద్రశేఖర్ నన్ను చూసి నోరు తెరిచినాడు.

"పోయి..."

"ఎవరురా పోయింది?" అక్కయమ్మ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. "పొద్దున రాగిముద్ద తిని మగ్గం గుంతలో కూర్చోనుండాడు నా మొగుడు! గుండ్రాయి మాదిరి ఉండాడు!"

ఆమె నుదుట కుంకుమ రూపాయంత ఉంది. డాక్టరు ఆమెను చూసి, నన్ను చూసినాడు.

"నువ్వెవరమ్మా?"

"అక్కయమ్మను!"

"మరి ఈమె?"

చంద్రశేఖర్ పెదవులు కదిలినాయి. వాడు ఏమి చెప్పబోయినాడో నాకు తెలియదు. నేనే ముందు చెప్పినాను.

"వీని చిన్నమ్మను."

డాక్టరు చీటీ చించినాడు. చిన్నమ్మలకు ఇది వర్తించదన్నాడు. మిల్లుకు తెలియజేయను, మళ్ళీ ఇట్లా చేయొద్దన్నాడు. మంచివాడే.

దారిలో అక్కయమ్మ ఏడ్చింది. "నీ కళ్ళు నా నోటితో పోగొడితినే సొన్నా!"

"నీ తాళి నువ్వు కాపాడుకుంటివి అక్కా. అందులో ఏముంది?"

ఇంటికి వచ్చినాక ఆమె కాళ్ళు కడుక్కుని తాళికి పసుపు రాసుకుంది. పాపయ్య బావ మగ్గంలో ఆడుతున్న నాడె ఆపి, గుంతలో నుంచే జరిగిందంతా విన్నాడు.

"నన్ను చంపినారన్నమాట."

"నేను ఆపితి గదా!" అంది అక్కయమ్మ.

"సగం చంపినాక ఆపితివి."

అంతకు మించి ఏమీ అనలేదు. ఆ వారంలోనే ఒక మనిషి వచ్చి ఆయన మగ్గం విప్పి బండికెత్తించుకున్నాడు. అది వాళ్ళ నాయన వేయించిన మగ్గం. అక్కయమ్మ ఇంట్లో నుంచి పరుగెత్తుకొచ్చింది.

"ఏమిది? మీకేమన్నా పిచ్చి పట్టిందా?"

"చచ్చినోనికి మగ్గమెందుకే?" అన్నాడు బావ.

ఆ మగ్గం దుడ్డుతో బయటి డాక్టరు నా కళ్ళకు ఆపరేషను చేసినాడు. కట్లతో నేను పడుకున్నన్నాళ్ళూ మా గదిలో రాట్నం తిరిగే చప్పుడు వినిపించేది. మిగిలిన ఆ ఒక్క ఇల్లు చేజారకుండా బావే కండెలు చుట్టినాడు. కట్లు విప్పినాక లావాటి దప్పం అద్దాలు పెట్టుకుని ఆ కండెలు చూసినాను. చుట్టడం ఆయనకు చేతకాని పని. ముడులన్నీ శనగగింజల మాదిరి ఉన్నాయి. ఆయన చూడకుండా కూర్చుని ఒకటొకటే విప్పినాను.