అన్నం తిన్నాక ఒకటి

కాలర్లు అతకాల్సిన చొక్కాలు ఇంకా పన్నెండు మిగిలిపోయాయి, బడివాళ్ళు సోమవారానికల్లా కావాలన్నారు, ఇక్కడ ఎంతసేపవుతుందో ఏమో అనుకుంటూ ఆమె డాక్టరు బల్ల మీది కంప్యూటరు తెర వైపు చూసింది, గులాబీరంగు గోడ మీద చిన్న నాచుకుచ్చులాంటిది ఊగుతోంది, ఆ గోడ తన భర్త మూత్రాశయం లోపలిదట, ఎనిమిది నెలల కిందట గీకి తీసేసిన చోటి పక్కనే గడ్డ మళ్ళీ మొలిచిందట, మొలిచింది అని ఎంత మామూలుగా అన్నాడీయన, సిగరెట్లు మానేశారా అని అడిగితే, పాతికేళ్ళు బస్సు నడిపి నిరుడు రిటైరైన భర్త, ఎప్పుడో మానేశానండీ అన్నాడు, ఆమె వైపు చూడకుండా, నన్ను కాపాడుతున్నాడు అనుకుంది, ఎందుకంటే మొదటి ఆపరేషనయిన పదోరోజున వంటగది గడపలో కూర్చుని, సిగరెట్టు కోసం చంటిపిల్లాడిలా ఏడుస్తుంటే చూడలేక, తనే పెట్టె కొని దారాల డబ్బాలో దాచి, అన్నం తిన్నాక రోజుకొకటి చేతిలో పెట్టింది, ఇరవై కాల్చేవాడు ఒక్కదానికొచ్చాడని మురిసిపోయింది కూడా.

డాక్టరు మెల్లగానే చెబుతున్నాడు, పొగ ఊపిరితిత్తుల్లోనే ఆగిపోదమ్మా, అందులోని విషం రక్తంలో కలుస్తుంది, కిడ్నీలు వడగట్టి కిందికి పంపుతాయి, మూత్రంతో పాటు ఆ సంచిలో గంటలకొద్దీ నిలవుంటుంది, ఈ జబ్బు మానేసినవాళ్ళకీ తిరిగి రావచ్చు, మాననివాళ్ళకి ఆ భయం ఇంకా ఎక్కువ, గంటలకొద్దీ, నేనిచ్చిందే, ఈ చేత్తోనే, ఆమె నోరు దానంతటదే తెరుచుకుంది, మానలేదండీ, రోజుకొకటి నేనే ఇస్తున్నాను, డాక్టరు కేకలేస్తాడనుకుంది, వేయలేదు, ఇప్పుడు మానినా మేలేనమ్మా, మానడానికి మందులున్నాయి, ఇస్తాను అంటూ ఆపరేషను తేదీ రాశాడు.

వరండాలో బెంచీ చల్లగా ఉంది, చెప్పకుండా ఉండాల్సింది, పరాయివాడి ముందు మనిషి పరువు తీశాను, అతను చెప్పు పట్టీ విప్పి మళ్ళీ పెట్టుకుంటున్నాడు, కోపమొచ్చిందా అంటే తల అడ్డంగా ఊపాడు, పిచ్చిదానా, నువ్విచ్చే ఒక్కదానివల్లే వచ్చిందనుకుంటున్నావా, పొద్దున నడకకని వెళ్తానుగా, డిపో గేటు దగ్గర రెండు, పేపరు చదివేచోట మూడు, వచ్చే దారిలో ఇంకోటి, ఇవాళ్టితో సరి అనుకునే బయల్దేరతాను, కానీ కాళ్ళు నా మాట వినవు అన్నాడు, ఎవరో వేరేవాళ్ళ సంగతి చెబుతున్నట్టు, లోపల నర్సు ఇంకెవరినో పిలుస్తోంది, ఆమెకు గుర్తొచ్చింది, రోజూ తన ఎదురుగా కూర్చుని, సగంలోనే ఆర్పేసి, చాల్లే ఇంక అనేవాడు, ఆ మాటకు తను ఎంత పొంగిపోయేది, ఆ ఒక్కటీ అతను కోరికతో కాల్చింది కాదు, ఆమెను సంతోషపెట్టడానికి కాల్చాడు.