ఐసు నడిమి నీళ్లు

2019 మే 14, మంగళవారం. జగ్గయ్యపేటలో పొద్దున తొమ్మిదికే వడగాడ్పు లేచింది. మధ్యాహ్నం కాస్త మబ్బేసి, చినుకైనా రాల్చకుండా నందిగామ వైపు జరిగిపోయింది.

ఐసు ఫ్యాక్టరీలో ప్రేమదాసుది ముప్పై ఏళ్లుగా ఒకటే పని. పొడవాటి ఇనప డబ్బాలో నీళ్లు అంచుల నుంచి లోపలికి గడ్డకడతాయి. మంచినీరు ముందు ఐసవుతుంది, ఉప్పూ సున్నమూ నడిమికి జరిగిపోతాయి. ఆ కాసిని నీళ్లు పైపుతో లాగేసి మంచినీళ్లు పోస్తేనే దిమ్మ అద్దంలా వస్తుంది. సోడా బండ్లవాళ్లు అలాంటిదే అడుగుతారు. చేపలవాళ్లకి ఎలా ఉన్నా ఒకటే. ఉప్పుతోపాటు, నీళ్ల దగ్గర మనుషులన్న మాటలూ నడిమికే చేరతాయి. ఫ్యాక్టరీ నీళ్లలో మోటరు వేసే రత్తయ్య తిట్లే ఎక్కువగా తేలేవి. ప్రేమదాసు చుక్క నాలిక మీద వేసుకుని విని, నవ్వి, మిగతావి కాలవలో పారబోసేవాడు.

ఇంట్లో భార్య పరిమళకి రెండేళ్లుగా అతను గుర్తులేడు.

"మీరెవరండీ? మీ ఆవిడ ఎదురుచూస్తా ఉంటది, వెళ్లండి" అంది ఆ రోజు కూడా, అన్నం తినిపిస్తుంటే. పాతికేళ్లు ఆమె పెరటి నూతిలోకి వంగి తనలో తను మాట్లాడుకునేదని అప్పుడు తట్టిందతనికి. నూతినీళ్లు రెండు క్యాన్లు సైకిలుకి కట్టుకెళ్లి డబ్బాలో పోశాడు.

మర్నాడు నడిమిన గ్లాసుడు నీళ్లు మిగిలాయి. చుక్క నాలిక మీద వేసుకుని గోడకానుకున్నాడు. బిడ్డ పురిట్లో పోయిన రోజు షిఫ్టు దిగి రాలేదని, వచ్చాకైనా ఆ బిడ్డ ఊసెత్తలేదని, అన్నీ పరిమళ మాటలే, అంతా అతని మీదే.

"పారబొయ్ అన్నా" అన్నాడు తోటి పనివాడు బాలస్వామి, ఆ గ్లాసు ఇంటికి పట్టుకెళ్తానంటే. "వదిన తాగిందంటే నీ ఇంట్లో ఉండదు. ఇప్పుడు మర్యాదగానన్నా మాట్లాడుతుంది గదా!"

"ఆ మర్యాదతోనే చస్తన్నాన్రా."

ఇంట్లో పరిమళ గ్లాసు ఖాళీ చేసి అతన్నే చాలాసేపు చూసింది. అతని గడ్డం పట్టుకుని తిప్పింది.

"ఇంత ముసలాడివైపోయావేందయ్యా?" అంది. తర్వాత, "ఆ రోజెందుకు రాలా?"

"భయమేసింది, పరిమళా."

"నాకెయ్యలేదా?"

సాయంత్రం బస్సుకి నందిగామలో అక్క గ్రేసీ ఇంటికి బయల్దేరింది. అతనే సంచి మోసి సీటు పట్టాడు. బస్సు కదిలేదాకా ఆమె పేరుపెట్టి తిడుతూనే ఉంది. అతను కిటికీ చువ్వ పట్టుకుని ఒక్క మాటా పోనివ్వకుండా విన్నాడు.

నాలుగేళ్లకి ప్రేమదాసు పోయాడు. ఇల్లూ నుయ్యీ పరిమళకి వచ్చాయి. సైకిలు, రబ్బరు బూట్లు బాలస్వామికి. సమాధుల తోటలో బిడ్డ పక్కన జాగా తనకివ్వమని ప్రేమదాసు ముందే పాస్టరుగారికి కాయితం రాసిచ్చాడు. పరిమళ ఒప్పుకోలేదు.

"అక్కడ పడుకునేది నేను" అంది.

అతన్ని గేటు పక్కన పెట్టారు.