డైరెక్టరు గారి నడినెత్తి

సంస్కరణల ఆఫీసులో పని పదింటికి మొదలవుతుంది. కత్తిరింపు మాత్రం తొమ్మిదికే. మూడో అంతస్తులో, డైరెక్టరు గారి గది పక్కన, పాత ఫైళ్లు పడేసే ఇరుకు గదిలో ఒక తిరిగే కుర్చీ, ఒక అద్దం, ఒక నీళ్ల సీసా ఉంటాయి. అక్కడ తెల్లగుడ్డ దులుపుకుంటూ నిలబడే మనిషిని అందరూ కత్తెరాయన అంటారు. పదహారేళ్లుగా ఆయన పని ఒక్కటే. ఆఫీసర్ల ఒంటి మీద తెల్లారేసరికి మొలిచిన పూలను పదిలోపు కత్తిరించి, వాళ్లను మనుషుల్లా తయారుచేసి సీట్లలోకి పంపడం.

ఆ పూలు ఊరికే మొలవవు. పట్నం చుట్టూ ఉన్న ప్రతి బీడుకూ, ప్రతి మిట్టకూ రిజిస్టరులో ఒక పేజీ ఉంది. ఎవరూ నాటకుండా, నీళ్లు పొయ్యకుండా ఆ నేలలో తమంతట తాము పూసే పూల పేర్లు ఆ పేజీలో రాసి ఉంటాయి. ఒక్క పేరు మిగిలినా ఆ నేల అమ్మడానికి వీల్లేదు. ఆఫీసరు ఒక పేరు మీద ఎర్రగీత గీసి, పక్కన "లేదు" అని సంతకం పెడితే, సాయంత్రానికి ఆ పువ్వు నేల మీద నిజంగానే లేకుండా పోతుంది. మర్నాడు పొద్దున ఆ సంతకం పెట్టినాయన చెవి వెనకో మెడ మీదో మొలుస్తుంది, ఎన్నిసార్లు కత్తిరించినా మళ్లీ వస్తూనే ఉంటుంది. దీని గురించి ఎవరూ ఒక్క మాట అనుకోరు. జలుబు చేస్తే ముక్కు కారుతుంది, ఇదీ అంతే.

పాత చట్టంలో ఒక పేరు కొట్టెయ్యాలంటే ముగ్గురు మనుషులు పూసే కాలంలో ఆ నేలంతా నడిచి చూడాలి. ఆ తర్వాత ఏడుగురు సంతకాలు పెట్టాలి. డైరెక్టరు గారికి ఇది ఒట్టి వెనకబాటుతనంగా తోచింది. కుర్చీలోంచి లేవకుండానే పువ్వు లేదని తేల్చే పద్ధతి కనిపెట్టి, దానికి సంస్కరణ అని పేరు పెట్టాడు. ఏడు సంతకాలను ఒక్కటి చేశాడు, ఆ ఒక్కటీ తనదే. తను తప్ప ఇంకెవరు పెట్టినా చెల్లదని కూడా రాసుకున్నాడు. ఎందుకంటే పక్క గదిలో డిప్యూటీ ఉన్నాడు, ఆయనా ఇలాంటి బాపతే. చట్టానికి కాస్త దయాగుణం ఉన్నట్టు కనబడాలి కదా అని చివర్లో పద్నాలుగో సెక్షను ఒకటి అతికించాడు. కొట్టేసిన పువ్వు మళ్లీ ఎక్కడైనా సజీవంగా కనబడితే, దాన్ని కొయ్యరాదు, అది మొలిచిన చోటును కదపరాదు, ఏ పనికీ వాడరాదు. ఆ ముక్కను కొత్త చట్టం రంగుల పుస్తకంలో సీతాకోకచిలుక బొమ్మ కింద అచ్చువేయించారు. ఎవడికి కనబడబోతుందిలే అన్న ధీమా.

రెండేళ్లలో పేజీలకు పేజీలు ఎర్రబడ్డాయి. ఇక మిగిలింది పట్నం చివరి మిట్ట ఒక్కటే. నేలదీపం, చలిచుక్క అప్పటికే పోయి, ఆ పేజీలో రెండు పేర్లు మిగిలాయి, పిల్లిచెవి, గొర్రెగంట అని.

ఆ రోజు పొద్దున డైరెక్టరు కుర్చీలో వెనక్కి వాలి, మెడ కత్తెరకు అప్పగించి అన్నాడు:

"రేపటితో మిట్ట పేజీ క్లోజ్. ఇవాళ పిల్లిచెవి కొట్టేస్తున్నా. రేపు మీటింగులో, మిట్ట కొనేవాళ్లందరి ముందూ గొర్రెగంట. ఫోటోలు తీస్తారు, రేపు కాస్త నీటుగా చెయ్యి."

కత్తెరాయన చెయ్యి ఆగింది. "మా ఇల్లు ఆ మిట్ట కిందే సార్. మా ఆవిడ తేనెపెట్టెలు కూడా అక్కడే."

"అయితే?"

"ఆ రెండు పేర్లూ ఉంచెయ్యండి సార్. మిగతావి పోయాక ఈగలు ఈ రెండిటి మీదే బతుకుతున్నాయి. ఆ తేనెతోనే సార్ మా ఇల్లు గడిచేది."

డైరెక్టరు అద్దంలోంచి అతన్ని చూశాడు, కుర్చీకి మాటలొచ్చినట్టు. "ఈగల కోసం దేశం ఆగాలా? మీతో ఇదేనయ్యా చిక్కు. ఖాళీ చేసి ఇంకెక్కడికైనా పోండి, లోకం గొడ్డుపోయిందా? చెవి దగ్గర ఇంకోటుంది చూడు, తియ్యి."

కత్తెరాయన తీశాడు. అతన్ని మాత్రం వెనకేసుకు రావడం దేనికి? పదహారేళ్లుగా ఎన్ని బీళ్ల పూలు ఆ చేతులతోనే కత్తిరించి, గుడ్డ దులిపి బాయిలరు మంటలోకి పంపలేదు! పంపి, చేతులు కడుక్కుని టీ తాగలేదు! మంట తన ఇంటిదాకా వచ్చాక గానీ వేడి తెలియలేదు మహానుభావుడికి.

ఆ రోజు టీ వేళ రిజిస్టరమ్మ పక్కన కూర్చున్నాడు. ఆ రిజిస్టరు రాసే ఉద్యోగం ఆవిడదే. చూడనిది రాయదు, చూసింది రాయకుండా ఊరుకోదు. అందుకే ముప్ఫయ్యేళ్లయినా ప్రమోషను లేదు.

"వీళ్ల మెడల మీద రోజూ మొలుస్తున్నాయి కదమ్మా, ఒక్కటీ రాయవేం?"

"నా డ్యూటీ పదికి. తొమ్మిదీ యాభైకల్లా నువ్వు నున్నగా గొరిగి పంపిస్తావు. కనబడనిదాన్ని ఏమని రాయను?" ఆవిడ టీ ఊదుకుని ఒక గుక్క తాగింది. "పది దాటాక కనబడితే మా నాన్న తల మీదున్నా రాస్తాను."

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి అతని భార్య మిట్ట మీద నిలబడి ఉంది. పిల్లిచెవి ఒక్కటీ లేదు. ఈగలు పెట్టెల్లోకి పోకుండా గాల్లోనే తిరుగుతున్నాయి.

"మీ ఆఫీసోళ్లేనా?" అంది.

అతను చెప్పులు విడిచి లోపలికి పోయాడు.

మర్నాడు తొమ్మిదికి డైరెక్టరు కొత్త కోటులో వచ్చి కూర్చున్నాడు. నడినెత్తిన, జుట్టు పల్చబడిన చోట, పిల్లిచెవి మొగ్గ ఒకటి బియ్యపు గింజంత ఉంది. అద్దంలో అది ఆయనకు కనబడదు. కత్తెరాయన చెవులు సవరించాడు, మెడ గొరిగాడు, మొగ్గ చుట్టూ జాగ్రత్తగా దువ్వాడు.

"నెత్తి మీద ఏదో దురదగా ఉందేంటి?"

"చుండ్రు సార్. నూనె రాస్తే పోతుంది."

"అయిపోయిందా?"

"అయిపోయింది సార్."

మీటింగు హాల్లో దీపాల వేడికి మొగ్గ విచ్చుకుంది. డైరెక్టరు అభివృద్ధి గురించి ముప్పావుగంట మాట్లాడి ఎర్రకలం మూత తీశాడు. అప్పుడే కిటికీలోంచి ఒక తేనెటీగ వచ్చి నేరుగా ఆయన నెత్తి మీద వాలింది. వెనక వరసలో రిజిస్టరమ్మ కళ్లజోడు సర్దుకుని లేచింది.

"ఒక్క నిమిషం సార్. పదకొండూ నలభై. పిల్లిచెవి ఒకటి, సజీవంగా ఉంది. చోటు, డైరెక్టరు గారి నడినెత్తి." చెబుతూనే రాసేసింది.

"పీకెయ్యండి దాన్ని!" అని డైరెక్టరు నెత్తి మీదకి చెయ్యి ఎత్తాడు.

డిప్యూటీ ఒక్క అంగలో వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు. అంత చురుగ్గా ఆయన కదలడం ఆఫీసులో ఎవరూ ఎన్నడూ చూడలేదు. "కొయ్యరాదు సార్. పద్నాలుగో సెక్షను. లేవకండి, కదపరాదు కూడా."

"సంతకం పెట్టనివ్వవయ్యా!"

"ఏ పనికీ వాడరాదని తమరే రాశారు," అని కలం తీసుకుని, ఆ సంతకమేదో తనే పెట్టబోయాడు. రిజిస్టరమ్మ చట్టం పుస్తకంలో పేజీ తిప్పి చూపించింది. డైరెక్టరుది తప్ప ఇంకెవరి సంతకమూ చెల్లదు. దాన్ని మార్చాలన్నా డైరెక్టరే సంతకం పెట్టాలి. అప్పుడు డిప్యూటీ మొహం చూడాల్సింది. కొనడానికి వచ్చినవాళ్లు బిస్కెట్లు తిని వెళ్లిపోయారు.

డైరెక్టరు ఇప్పటికీ ఆ హాల్లోనే, ఆ కుర్చీలోనే ఉన్నాడు. చుట్టూ తాడు కట్టి బోర్డు పెట్టారు. వారం రోజులు అరిచాడు. చిన్న ఉద్యోగుల అరుపులు ఆయన ఎలా విన్నాడో, ఆఫీసు కూడా ఆయన అరుపుల్ని అలాగే విన్నది. కత్తెర ఆగిపోయేసరికి రెండేళ్లుగా కొట్టేసినవన్నీ బయటపడ్డాయి. చెవుల్లో నేలదీపాలు, కాలరు చుట్టూ చలిచుక్కలు. కత్తెరాయన ఉద్యోగం పేరు మారి సంరక్షకుడయ్యాడు. కత్తెర లాక్కుని నీళ్ల మగ్గు ఇచ్చారు. కిటికీ తెరిచే ఉంచుతాడు, ఈగలు వచ్చి పోతుంటాయి.

పూలు ఎండి గింజ కట్టిన రోజున అతను పాత తెల్లగుడ్డ తెచ్చి, ఎప్పట్లాగే డైరెక్టరు మెడ చుట్టూ కప్పాడు. పీకలేదు, కొయ్యలేదు. భుజాల మీద రాలినవాటిని బ్రష్‌తో మెల్లగా గుడ్డలోకి దులిపాడు.

"ఏం చేస్తున్నావయ్యా?" అన్నాడు డైరెక్టరు నీరసంగా.

"నీటుగా చేస్తున్నా సార్."

గుడ్డ నాలుగు మడతలు పెట్టి ఇంటికి పట్టుకెళ్లాడు. మిట్ట పైకెక్కి, గాలి ఎటు వీస్తోందో చూసుకుని, రెండు చేతులా గట్టిగా దులిపాడు. తేనెపెట్టెల దగ్గర్నుంచి అతని భార్య తలెత్తి చూసింది.

"ఏంటండీ అది?"

"మా డైరెక్టరు గారు," అన్నాడు, గుడ్డ మళ్లీ మడత పెడుతూ. "ఇన్నాళ్లకి ఒక పనికొచ్చాడు."