పక్కన కూర్చున్నాననుకున్నాను

మా బడి కంప్యూటర్ గదికి ఒకటే కిటికీ. ప్రతి శుక్రవారం ఆ గదిలో కూర్చుని వేరే దేశపు బడి పిల్లలతో తెర మీద కలిసి పనిచేయాలి. అక్కడొకరు, ఇక్కడొకరు జత. రెండు ఊళ్లలో ఇళ్లకు నీళ్లు ఎలా వస్తాయో ఇద్దరూ కలిసి రాయాలి.

నాకు జతగా ఉంగరాల జుట్టు పిల్ల వచ్చింది. క్లాసులో అందరూ నన్ను మూగమ్మ అంటారు. ఆ పిల్ల మాత్రం నా వచ్చీరాని ఇంగ్లిషు పూర్తయ్యేదాకా ఆగేది. ఇంటి బయట నేను నోరు విప్పింది ఆమె దగ్గరే. వారమంతా శుక్రవారం కోసం ఎదురుచూసేదాన్ని.

ఒక శుక్రవారం ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి. తాతయ్య పోయాడని చెప్పింది.

చావు కబురు వస్తే మా అమ్మ వెళ్లి ఆ ఇంటివాళ్ల పక్కన కూర్చుంటుంది. ఏమీ మాట్లాడదు. నాన్నమ్మ పోయినప్పుడు పక్కింటి అత్త కూడా పొద్దంతా నన్ను ఆనుకుని అలాగే కూర్చుంది. ఆ రోజు ఎవరెవరో ఏవేవో చెప్పారు. నాకు అత్త ఒక్కతే గుర్తుంది.

నేనూ కుర్చీ తెర దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. ఏడ్చే మనిషి ముఖంలోకి చూడకూడదని తల దించుకున్నాను. ఆమె ఏదో అడిగినా పలకలేదు. గంట కొట్టేదాకా కదల్లేదు.

తర్వాతి శుక్రవారం ఆమె ముఖం మా క్లాసు లీడరు తెర మీద కనబడింది. జత మార్చమని ఆమే అడిగిందట. తాత పోయాడని చెబితే తలెత్తి కూడా చూడని అమ్మాయితో పనిచేయలేనని వాళ్ల టీచరుతో చెప్పిందట.

"సారీ అని ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయేదే?" అంది మా టీచర్.

"నేను పక్కనే కూర్చున్నాను టీచర్."

"పక్కనేంటి? ఆ పిల్ల ఎక్కడ, నువ్వెక్కడ?"

మూగమ్మతో జత కడితే అంతే మరి అని వెనక బల్ల నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

భోజనాల వేళ ఆమెకు రాయడానికి కూర్చున్నాను. అమ్మ గురించి, అత్త గురించి రాశాను. నాకొచ్చిన ఇంగ్లిషులో అదంతా సాకులా కనబడింది. చెరిపేసి, సారీ అన్న ఒక్క మాట పంపాను. ఆమె చూసినట్టు తెర మీద గుర్తు కనబడింది. జవాబు రాలేదు.

ఇప్పుడు నాకు జత లేదు. పంపుల బొమ్మలు గీయమని టీచర్ మూల బల్ల దగ్గర కూర్చోబెట్టింది. లీడరు తెరలోంచి ఆమె గొంతు వినబడుతూ ఉంటుంది. చకచకా మాట్లాడుతుంది, నాకు సగం అర్థం కాదు. నా కోసం ఎంత నిదానంగా మాట్లాడేదో ఇప్పుడు తెలుస్తోంది.